సున్నమా, చేమిరా?
అంగారకుడి మట్టిని అడిగిన ప్రశ్న

కుజదోషం గురించి మనకు తెలిసినంతగా కుజుడి గురించి తెలియదు. సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు జాతకంలో ఆయన ఏ ఇంట్లో ఉన్నాడని అడుగుతాం గాని, ఆయన ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని అడగం. ఆ రెండో ప్రశ్న అడిగినవాళ్ళు 1976లో రెండు యంత్రాలను అక్కడికి పంపి, మట్టి తవ్వించి, అందులో కంటికి కనపడని ప్రాణి ఏదైనా ఉందా అని పరీక్ష చేయించారు. జవాబు "లేదు" అని లోకం రాసుకుంది. ఆ "లేదు" ఎలా వచ్చింది, ఎంతవరకు నిలబడింది అన్న సంగతి ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను. హొసూరు ప్రాంతపు బడుల్లో చాలా ఏళ్ళు విజ్ఞానశాస్త్రం చెప్పినవాణ్ణి. పాఠాల్లో మేము ఒక్క వాక్యంతో దాటిపోయే విషయమిది. ఆ ఒక్క వాక్యం వెనుక పదిహేడేళ్ళ శ్రమ, ఒక పెద్ద తగవు, ఒక మనిషి మరణం ఉన్నాయి.

మొదట అంగారకుడి మీద వెదికింది సూక్ష్మజీవుల కోసం కాదు, మనుషుల్లాంటి వాళ్ళ కోసం. 1877లో ఇటలీకి చెందిన షియాపరెల్లి దూరదర్శినితో చూసి, ఆ గ్రహం మీద సన్నని గీతలున్నాయన్నారు. ఆయన వాడిన ఇటాలియన్ మాటకు "పాయలు" అనే అర్థం కూడా ఉంది. ఇంగ్లీషులో అది "కాలువలు" అయి కూర్చుంది. కాలువలుంటే తవ్వినవాళ్ళుండాలి గదా! అమెరికాలో పెర్సివల్ లోవెల్ అనే ధనవంతుడు 1894లో ఆరిజోనాలో సొంత వేధశాల కట్టించుకుని, ఎండిపోతున్న గ్రహం మీద నీళ్ళ కోసం కాలువలు తవ్వుకున్న నాగరికులను గురించి పుస్తకాలే రాశారు. 1965 జూలైలో మారినర్ 4 అనే నౌక అంగారకుడి పక్కగా పోతూ 20కి పైగా ఫొటోలు తీసి పంపింది. కాలువలు లేవు, గుంటలు మాత్రం ఉన్నాయి. గాలి మన గాలిలో నూరో వంతు కూడా లేదు. లోవెల్ కథ అంతటితో ముగిసింది.

ఇక మిగిలిన ఆశ సూక్ష్మజీవి ఒక్కటే. భూమి మీద అది లేని చోటు దాదాపు లేదు. ఉడికే నీటి ఊటల్లో, ఉప్పు మడుగుల్లో, సముద్రపు అడుగున కూడా బతుకుతుంది. 1958లో నోబెల్ బహుమతి అందుకున్న జాషువా లెడర్‌బర్గ్ ఈ సంగతిని అందరికంటె ముందు గట్టిగా పట్టించుకున్నారు. ఇతర గ్రహాల మీది జీవుల శోధనకు ఆంగ్లంలో ఒక కొత్త శాస్త్రనామం పెట్టింది ఆయనే. మనం పంపే యంత్రాలతో పాటు మన సూక్ష్మజీవులు కూడా అక్కడికి చేరితే, రేపు దొరికేది అక్కడి ప్రాణా, ఇక్కడి మైలా అన్నది తేల్చలేమని మొదట హెచ్చరించిన వాళ్ళలో కూడా ఆయన ఒకరు.

అప్పుడప్పుడే పుట్టిన నాసా 1959లో సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు వోల్ఫ్ విష్నియాక్‌కు కొద్దిపాటి ధనసహాయం చేసింది. ఆయన 1922లో బెర్లిన్‌లో పుట్టారు. తండ్రి రోమన్ విష్నియాక్ పేరుపొందిన ఫొటోగ్రాఫరు. వోల్ఫ్ తయారుచేసిన పరికరం పని చాలా తేలిక. గ్రహం మీది ధూళిని పీల్చి తేటనీటి లాంటి పోషకద్రవంలో వేస్తుంది. సూక్ష్మజీవులుంటే పెరుగుతాయి, ద్రవం మసకబారుతుంది. దాని గుండా పోయే వెలుతురు తేడాను యంత్రం కనిపెడుతుంది. పులుపు మారినా కనిపెడుతుంది. నిలవ ఉన్న గంజి మసకబారి పులిస్తే మనం ఏమనుకుంటామో అదే లెక్క. వోల్ఫ్ అంటే తోడేలు కూడా గనుక తోటివాళ్ళు దానికి "తోడేలు బోను" అని పేరు పెట్టారు.

అదే కాలంలో గిల్బర్ట్ లెవిన్ అనే ఇంజనీరు మరో దారిన వచ్చారు. ఆయన పని ఊళ్ళకు సరఫరా అయ్యే నీళ్ళలో క్రిములున్నాయా లేవా అని త్వరగా తేల్చడం. పోషకాహారంలోని కర్బనానికి రేడియోధార్మికత కలిపి నీళ్ళలో వేస్తే, క్రిములు దాన్ని తిని బొగ్గుపులుసు వాయువుగా వదులుతాయి. ఆ వాయువులోని రేడియోధార్మికతను కొలిస్తే క్రిములున్నట్టు తెలిసిపోతుంది. ఊరి నీళ్ళకు పనికివచ్చిన పద్ధతి కుజుడి మట్టికి ఎందుకు పనికిరాదు అన్నది ఆయన ప్రశ్న.

వైకింగ్ అనే జంట నౌకలను పంపడానికి ఏర్పాట్లు జరిగినప్పుడు జీవపరీక్షలకు నాలుగు పరికరాలను ఎంపిక చేశారు. విష్నియాక్‌ది ఒకటి, లెవిన్‌ది ఒకటి. మూడోది కాలిఫోర్నియాకు చెందిన నార్మన్ హొరోవిట్జ్‌ది: మట్టిలోని జీవులు గాలిలోని కర్బనాన్ని తమ శరీరంలో కలుపుకుంటాయా అని చూసేది. నాలుగోది నాసాకే చెందిన వాన్స్ ఒయామాది: మట్టికి సుష్టుగా పోషకాలు పోసి, పైకి వచ్చే వాయువులను కొలిచేది. ఇవన్నీ అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తుగల పెట్టెలో ఇమడాలి. ఖర్చు మితిమీరింది. 1972లో నాలుగింట్లో ఒకదాన్ని తీసెయ్యాలని నిర్ణయించారు. తీసేసింది విష్నియాక్ పరికరాన్ని. అంత ఎండిపోయిన గ్రహం మీది జీవిని అన్ని నీళ్ళలో ముంచితే ఎలా బతుకుతుందని వాళ్ళ వాదన. అందులో న్యాయం లేకపోలేదు. పన్నెండేళ్ళ పని పోయినా ఆయన జట్టు విడిచిపెట్టలేదు.

సరిగ్గా అప్పుడే ఇంకో తగవు నడుస్తోంది. దక్షిణ ధ్రువఖండమైన అంటార్కిటికాలో మంచు కూడా నిలవని కొన్ని ఎండు లోయలున్నాయి. భూమి మీద అంగారకుణ్ణి అన్నిటికంటె పోలిన చోటు అదే. ఆ లోయల్లోని కొన్ని మట్టి నమూనాల్లో ఏ సూక్ష్మజీవీ పెరగలేదని హొరోవిట్జ్, ఆయన సహచరులు ప్రకటించారు. ఇది చిన్న మాట కాదు. భూమి మీదనే ప్రాణం లేని మట్టి ఉంటే, దానికంటె కఠినమైన కుజుడి మీద ఇంకేముంటుంది? విష్నియాక్ దీన్ని ఒప్పుకోలేదు. మట్టిని అక్కణ్ణుంచి ప్రయోగశాలకు తెచ్చి పరీక్షిస్తే చాలదు, అక్కడి మట్టిలోనే, అక్కడి చలిలోనే పరీక్షించాలన్నారు. తానే వెళ్ళి పోషకం పూసిన గాజుపలకలు ఆ మట్టిలో పాతిపెట్టి, వాటి మీద సూక్ష్మజీవులు పెరగడం చూపించారు. ఇంకా గట్టి సాక్ష్యం కోసం 1973లో మళ్ళీ వెళ్ళారు. డిసెంబరు 10న తన పరికరాలు తెచ్చుకోవడానికి ఒంటరిగా బయల్దేరి, కొండవాలు మీద జారిపడి చనిపోయారు. ఆయనకు అప్పటికి 51 ఏళ్ళు.

వైకింగ్ నౌకలు 1975 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బయల్దేరాయి. బయల్దేరే ముందు దిగే భాగాలను 110 డిగ్రీలు దాటిన పొడి వేడిలో ఒక రోజుకు పైగా ఉంచారు. మన క్రిమి ఒక్కటి కూడా వెంట పోకూడదని! మొదటి నౌక 1976 జూలై 20న, రెండోది సెప్టెంబరు 3న దిగాయి. రెండూ దిగిన చోట్ల మధ్య దూరం వేల కిలోమీటర్లు. జూలై 28న మొదటి యంత్రం చెయ్యి చాచి మట్టి తవ్వి, పెట్టెలో పోసింది.

ఈ పరీక్షల ఫలితాలు పిల్లలకు చెప్పవలసి వచ్చినప్పుడు నేను రెండు ఇంటి వస్తువులను గుర్తుచేసేవాణ్ణి. ఒకటి కాల్చిన సున్నపు గడ్డ. నీళ్ళు పోస్తే బుసబుసమని పొంగుతుంది, వేడెక్కుతుంది, ఆవిరి చిమ్ముతుంది. చూసేవాడికి అది బతికి ఉన్నట్టే ఉంటుంది. రెండోది చేమిరి. మనం చేమిరి అంటాం, కోస్తావాళ్ళు తోడు అంటారు. గోరువెచ్చని పాలలో వేస్తే తెల్లారేసరికి పెరుగవుతుంది. సలసల కాగే పాలలో వేస్తే పాలు పాలుగానే ఉంటాయి. అందులోని ప్రాణి చచ్చిపోయింది గనుక. సున్నాన్ని మాత్రం ఎంత కాల్చినా పొంగడం మానదు. కాల్చడం వల్లనే గదా దానికి ఆ గుణం వచ్చింది! కాబట్టి ఒక మట్టిలో ఏదో కదలిక కనిపిస్తే, అది సున్నమా చేమిరా అని తేల్చడానికి ముందు ఆ మట్టిని కాల్చి చూడాలి. వైకింగ్‌లో ఈ ఏర్పాటు కూడా ఉంది.

ఒయామా పరీక్షలో మట్టికి తేమ తగలగానే, పోషకం అందకముందే, ప్రాణవాయువు బయటికి వచ్చింది. మట్టిని ముందుగా కాల్చి చూసినా వచ్చింది. అది సున్నమే, సందేహం లేదు. హొరోవిట్జ్ పరీక్షలో మొదటిసారి కొద్దిగా ఆశ కనిపించింది గాని తర్వాత బలపడలేదు. తన పరీక్ష ఫలితం ప్రాణానికి గుర్తు కాదని ఆయనే చెప్పేశారు.

లెవిన్ పరీక్ష దగ్గరకు వచ్చేసరికి కథ మారింది. మట్టి మీద నాలుగు చుక్కల పోషకం పడిందో లేదో, రేడియోధార్మిక వాయువు గబగబ పైకి వచ్చింది. అదే మట్టిని 160 డిగ్రీల వద్ద 3 గంటలు కాల్చి మళ్ళీ చుక్కలు వేస్తే ఏమీ రాలేదు. 50 డిగ్రీల వేడి చూపితే చాలా వరకు తగ్గిపోయింది. నెలల తరబడి పెట్టెలో చీకట్లో నిలవ ఉంచిన మట్టి కూడా చడీచప్పుడు లేకుండా ఉండిపోయింది. ఎండ తగిలి మట్టిలో పుట్టిన రసాయనమేదో ఈ పని చేస్తోందేమోనన్న అనుమానంతో, రెండో నౌక చేత ఒక రాయిని పక్కకు నెట్టించి దాని కింది మట్టిని తీయించారు. అదీ అలాగే స్పందించింది. ప్రయాణానికి ముందు అందరూ ఒప్పుకున్న నిబంధనల ప్రకారం ఇది చేమిరి లక్షణమే.

కాని ఎదుటి పక్షానికీ బలం ఉంది. రెండోసారి పోషకం వేసినప్పుడు వాయువు పెరగలేదు సరికదా కొంత తగ్గింది. తినే ప్రాణి ఉంటే రెండో విస్తరి వడ్డించినప్పుడు ఎందుకు లేవదు? వేడికి చెడిపోయే రసాయనాలు లేవా? మందులషాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడు అలాంటిదే గదా!

తీర్పు చెప్పింది మరో యంత్రం. అది జీవపరీక్షల పెట్టెలోది కాదు. ఎం.ఐ.టి.కి చెందిన క్లాస్ బీమన్ ఆధ్వర్యంలో మట్టిని 500 డిగ్రీల దాకా వేడిచేసి, వచ్చే ఆవిరిలో సేంద్రియ పదార్థాలను వెదికింది. ప్రాణి ఉంటే దాని శరీరమూ ఉండాలి, చచ్చినవాటి అవశేషాలూ ఉండాలి. వంద కోట్ల వంతుల్లో కొన్ని వంతులున్నా పట్టగల ఆ యంత్రానికి ఏమీ దొరకలేదు. కర్బనంతో కూడిన రెండు క్లోరిన్ సమ్మేళనాలు మాత్రం లేశంగా కనిపించాయి. అవి భూమి మీద యంత్రాన్ని కడిగిన ద్రావకాల మరక అనుకుని పక్కన పెట్టారు. శరీరం లేనిచోట ప్రాణం ఎక్కడిది అన్నారు. లెవిన్ పరీక్ష కూడా సున్నపు పద్దులోకి పోయింది. ఆ తర్వాత ఇంతవరకు, బతికున్న సూక్ష్మజీవి కోసం నేరుగా పరీక్షించే పరికరం అంగారకుడి మీద ఒక్కటి కూడా పనిచేయలేదు. ఒక "లేదు" అన్ని దశాబ్దాలు తలుపు మూసేసింది.

ఈ సందట్లో ఎక్కువమంది గమనించని విషయం ఒకటుంది. చనిపోకముందు విష్నియాక్ ఎండు లోయల్లో కొన్ని రాళ్ళు ఏరి పెట్టారు. రాళ్ళలో బతికే నాచును పరిశోధిస్తున్న ఇమ్రె ఫ్రీడ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడి కోసం ఏరినవి అవి. మరణం తర్వాత ఆయన సామాను భార్య హెలెన్‌కు చేరింది. ఆమె కూడా సూక్ష్మజీవ శాస్త్రజ్ఞురాలే. రాళ్ళను ఆమె ఫ్రీడ్‌మన్‌కు పంపారు. ఆయన పగలగొట్టి చూస్తే రాతిపొరకు కాస్త లోపల, చలి నుంచి, గాలి నుంచి తలదాచుకుని, పచ్చగా సూక్ష్మజీవుల వరస ఉంది! ఈ సంగతి అచ్చయింది 1976 సెప్టెంబరులో, అంటే వైకింగ్ యంత్రాలు మట్టి తవ్వుతున్న నెలలోనే. ఆ లోయల మట్టిలో హెలెన్ కనుగొన్న ఒక ఈస్టు జాతికి విష్నియాక్ పేరే పెట్టారు. అంగారకుడి మీద ఒక పెద్ద గుంటకు కూడా ఆయన పేరుంది. ఎండు లోయల్లో ప్రాణం లేదన్నవాళ్ళు మట్టిలో చూశారు. ప్రాణం రాతిలో ఉంది. లేదని చెప్పినవాళ్ళు అబద్ధమాడలేదు. వాళ్ళు చూసిన చోట కనిపించలేదు, అంతే.

బీమన్ యంత్రపు మాటకూ ఇదే గతి పట్టింది. 2008 మే 25న ఫీనిక్స్ అనే నౌక అంగారకుడి ఉత్తరధ్రువ ప్రాంతంలో దిగి, మట్టిలో పర్‌క్లోరేటు అనే ఉప్పును కనుగొంది. ఇది రాకెట్టు ఇంధనాల్లో, బాణసంచాలో వాడే పదార్థం. చల్లగా ఉన్నంతసేపు ఎవరి జోలికీ పోదు. వేడిచేస్తే పక్కనున్న సేంద్రియ పదార్థాన్ని కాల్చేస్తుంది. వైకింగ్ చేసింది వేడిచెయ్యడమే గదా! మతాబు మందులో చీటీ ఏదైనా ఉందా అని నిప్పు పెట్టి వెదికినట్టయింది. 2010లో మెక్సికోకు చెందిన రఫయేల్ నవారో గొన్సాలెజ్, ఆయన సహచరులు చిలీ దేశపు అటకామా ఎడారి మట్టికి ఈ ఉప్పు కలిపి వేడిచేశారు. వచ్చినవి ఏమిటి? 1976లో మరకలని పక్కనపెట్టిన ఆ క్లోరిన్ సమ్మేళనాల వంటివే. 2018లో మైక్రోఫిల్ముల్లో మూలపడ్డ వైకింగ్ పాత లెక్కలను మళ్ళీ తిరగేస్తే క్లోరోబెంజీన్ అనే మరో పదార్థపు జాడ కూడా తేలింది. 2012లో దిగిన క్యూరియాసిటీ బండి అంగారకుడి రాళ్ళలో సేంద్రియ పదార్థాలున్నాయని చూపించింది. 2018లో ప్రకటించిన వాటిలో 300 కోట్ల సంవత్సరాలు దాటిన బురదరాతిలో దొరికినవి ఉన్నాయి.

అయితే లెవిన్ గెలిచినట్టేనా? తొందరపడకూడదు. సేంద్రియ పదార్థం ప్రాణం కాదు, ఉల్కలతో కూడా వచ్చి పడుతుంది. పైగా ఇదే ఉప్పు రెండు పక్షాలకూ సాక్ష్యం చెప్పింది. దీనికి రోదసి కిరణాలు తగిలితే పుట్టే పదార్థాలు తేమ తగలగానే ప్రాణవాయువును వదలగలవనీ, పోషకంలోని కర్బనాన్ని వాయువుగా మార్చగలవనీ ప్రయోగశాలల్లో చూపించారు. అంటే కర్బనం లేదన్న మాటకు బలం తగ్గింది, ప్రాణం లేకుండానే ఆ ఫలితం రావచ్చునన్న మాటకు బలం పెరిగింది. 1997లో తమ పరీక్ష ప్రాణాన్నే పట్టుకుందని బాహాటంగా ప్రకటించిన లెవిన్, 2021లో చనిపోయేవరకు ఆ మాట మీదనే ఉన్నారు. శాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది ఆయనతో ఏకీభవించలేదు.

"ఉంది" అనడంలో కూడా అంతే జాగ్రత్త కావాలని రెండు ఉదాహరణలు చెబుతాయి. 1984లో అంటార్కిటికాలో దొరికిన, అంగారకుడి నుంచి వచ్చిన ఒక ఉల్కారాతిలో పురాతన సూక్ష్మజీవుల ఆనవాళ్ళున్నాయని 1996 ఆగస్టులో నాసా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అమెరికా అధ్యక్షుడే పత్రికల ముందుకు వచ్చి మాట్లాడాడు. ఆ తర్వాత ఒక్కొక్క ఆనవాలుకూ ప్రాణంతో పనిలేని కారణం దొరుకుతూ వచ్చింది. రెండోది మనవాళ్ళు చేసిన పని. బయటి నుంచి సూక్ష్మజీవులు భూమికి రాలిపడుతున్నాయేమో చూద్దామని 2005 ఏప్రిల్ 20న హైదరాబాదు నుంచి ఒక పెద్ద బెలూన్‌ను ఎగరేశారు. జయంత్ నార్లీకర్ నాయకత్వంలో, ఇస్రో పూనికతో జరిగిన ప్రయోగమది. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో, ముందే శుద్ధి చేసిన ఉక్కు గొట్టాల్లో గాలి పట్టి తెచ్చారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లోను, పుణె ప్రయోగశాలలోను విడివిడిగా పరీక్షించారు. పన్నెండు బాక్టీరియాలు, ఆరు బూజులు దొరికాయి. వాటిలో మూడు బాక్టీరియాలు అప్పటికి తెలియని జాతులు. ఒకదానికి ఫ్రెడ్ హాయిల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభటుడి పేరు పెట్టారు. 2009లో ఈ సంగతి వెల్లడిస్తూ, ఇవి భూమికి బయటివని ఈ పని నిర్ధారించడం లేదని ఇస్రో స్పష్టంగా చెప్పింది. ఆ సంయమనం నాకు ఎంతో నచ్చింది. తర్వాత ఆర్యభటుడి పేరున్న బాక్టీరియా మామూలు నేలల్లో కూడా కనిపించింది. ఆనాడు తొందరపడి ఉంటే ఈనాడు తల దించుకోవలసి వచ్చేది.

ప్రస్తుతం అందరి చూపూ ఒక రాతి ముక్క మీద ఉంది. 2021 ఫిబ్రవరిలో దిగిన పెర్సివరెన్స్ బండి, ఒకప్పుడు నది వచ్చి చేరిన జెజెరో గుంటలో తిరుగుతూ 2024 జూలైలో చిరుతపులి మచ్చల వంటి మచ్చలున్న రాయిని చూసింది. ఆ మచ్చల్లో ఇనుముతో కూడిన ఖనిజాలున్నాయి. భూమి మీద బురదలో సూక్ష్మజీవులు అలాంటి ఖనిజాలను తయారు చేస్తాయి. ప్రాణం లేకుండా కూడా అవి తయారు కావచ్చు. 2025 సెప్టెంబరులో అచ్చయిన పరిశోధన పత్రం దీన్ని ప్రాణపు గుర్తు కావడానికి అవకాశం ఉన్నదిగా మాత్రమే పేర్కొంది. ఆ రాతి నుంచి తొలిచిన ముక్క ఒక గొట్టంలో భద్రంగా మూతపడి ఉంది. గొట్టం ఇంకా అంగారకుడి మీదనే ఉంది. దాన్ని భూమికి తేవడానికి వేసిన పథకాలు ఖర్చుల దగ్గర తడబడుతున్నాయి. 1972లో విష్నియాక్ పరికరాన్ని పక్కన పెట్టింది కూడా ఖర్చు పేరుతోనే.

నా మట్టుకు నాకు ఈ చరిత్రలో తెలిసివచ్చిందిది. ఒక చోట ప్రాణం ఉందనడానికి గట్టి సాక్ష్యం ఒక్కటి చాలు. లేదనడానికి మాత్రం ఆ మట్టి గుణమేమిటో, మన పనిముట్టు గుణమేమిటో, అది ఏ మూల వెదకలేదో అన్నీ తెలియాలి. 1976లో మట్టి గుణం తెలియకముందే మట్టిని పరీక్షించారు. ఆ మట్టిలోని ఉప్పు సంగతి తెలియడానికి ముప్పై రెండేళ్ళు పట్టింది. ఆ గొట్టం భూమికి వచ్చిననాడు దాన్ని తెరిచేవాళ్ళు ముందు ఆ రాతిలోని సున్నమేదో తెలుసుకుని, ఆ తర్వాత చేమిరి కోసం వెదకాలి. అన్నాళ్ళూ కుజుడి ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని పిల్లలడిగితే, "ఇంకా తెలియదు" అని చెప్పడమే సరైన పాఠం.